ఎడమకి పోయే బాణాలు

రౌహలా, ఉత్తర మిషిగన్
3 ఆగస్టు 1966

ఐలీ తల్లికి తాతయ్య రాస్తున్నది.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వుకోకు. అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. నాలుగో తరగతిలో బడి మాని అడవి నరకడానికి పోయినవాణ్ణి. గొడ్డలి పట్టినట్టు పడతాను కలాన్ని. నువ్వు చదువుకున్నదానివి, తప్పున్నచోట దిద్దుకుని చదువు.

దీనితో ఆరు బాణాలు పంపుతున్నాను. దేవదారు పుల్లలు ముప్ఫై తెప్పించాను. ఒక్కొక్కదాన్నీ రెండు మేకుల మీద పెట్టి, మధ్యలో రెండు పౌన్ల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో కొలిచాను. నీకిచ్చిన విల్లు నీ లాగుడికి నలభై రెండు పౌన్ల బిగువు. దానికి సరిపడా వంగినవి ముప్ఫైలో ఆరే. మిగతావి టమాటా మొక్కలకి ఊతం పెట్టాను.

వాటిలో ఒకదానికి ఈకలు కట్టలేదు. మర్చిపోయి కాదు. ఈక బాణాన్ని దారిలో సర్దేస్తుంది, తప్పు కనపడనివ్వదు. పదిహేను అడుగుల దూరం నుంచి కాదు, పదిహేను అంగల నుంచి వెయ్యి. ఈకలున్నవి ఎక్కడ దిగాయో, ఈకలు లేనిది ఎక్కడ దిగిందో రాయి. రెండూ ఒకచోటే దిగితే పుల్ల విల్లుకి కుదిరినట్టు.

అక్టోబరు ఒకటిన వేట మొదలు. నీకు మొదటి జింక. అది నా బాణంతో పడాలి. పెంచినవాణ్ణి, ఆ మాత్రం అడగొచ్చు అనుకుంటున్నాను.

మీ మామగారు కూడా బాణాలు చేస్తాడని పెళ్లిలో విన్నాను. పుల్ల వంపు కొలవడానికి యంత్రం కొన్నాడట. కొననీ.

మన ఊరి లెంపి తన కొట్టులో బాణాలు పెట్టిన ఈ గొట్టం తూచి, "పెళ్లయిన పిల్లకి దుప్పట్లు పంపుతారు గాని బాణాలేమిటి, ఇల్మారీ?" అంది.

నీ తాతయ్య
ఇల్మారి


ఎల్మ్‌ఫోర్డ్
11 ఆగస్టు

తాతయ్యా,

గొట్టం అందింది. విప్పగానే వంటిల్లంతా మన ఊరి వాసన! బాణాల మీద నువ్వు వేసిన నీలం చారలు చూసి నా మొగుడు మార్విన్, "ఇవి జింకలకా, గోడకి తగిలించుకోడానికా?" అన్నాడు. వాడికి బేస్‌బాల్ తప్ప ఏదీ తెలియదు, పట్టించుకోకు.

నువ్వు చెప్పినట్టే పదిహేను అంగల నుంచి గడ్డిమోపు మీద వేశాను. ఈకలున్నవి దగ్గరదగ్గరగా దిగాయి గాని కాస్త ఎడమకి. ఈకలు లేనిది ఇంకా ఎడమకి, నాలుగు వేళ్ల దూరం. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అంతే.

మామయ్యగారు కాఫీ కప్పు పట్టుకుని వచ్చి చూసి, "పుల్ల బిర్రుగా ఉందమ్మాయ్. వంగాల్సినంత వంగడం లేదు. మీ తాతకి రాయి," అన్నారు. అందుకని రాస్తున్నాను. నీ పని మాత్రం ఎంత అందంగా ఉందో! మామయ్యగారు ఈక అంటించిన చోటు గోటితో తడిమి చూసి, "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అన్నారంటే మాటలు కాదు.

నీ విల్లు బాగుంది. నేనూ బాగున్నాను. మోకాలు నొప్పి ఎలా ఉంది?

ముద్దులతో
ఐలి


రౌహలా
17 ఆగస్టు

ఐలీ,

మోకాలు ఉంది.

నేను అడిగింది నిన్ను. మీ మామగారు ఎందుకు వచ్చి చూశాడు? కాఫీ ఇంట్లో తాగొచ్చు కదా.

పుల్ల బిర్రుగా ఉందని నీ ఉత్తరంలో ఎడమ అన్న మాట చదవగానే నాకే తెలిసింది. ఆయన చెప్పనక్కర్లేదు. యాభై ఏళ్లుగా చేస్తున్నాను. ఆయన కుర్చీల కాళ్లు చెక్కే ఫ్యాక్టరీలో చేరినప్పటికి నేను మూడు జింకల్ని కొట్టాను.

కానీ బిర్రుగా ఎందుకున్నాయో తెలియలేదు. నీ విల్లు, నా విల్లు ఒకే మేపుల్ చెక్కలోంచి తీశాను. కవలలు. అయినా సరే, ఇంకో మూడు పంపుతున్నాను. పుల్ల ఒక అంగుళం పొడుగు వదిలాను, ముందు ములికి బరువు పెంచాను. పొడుగు పెరిగినా, మొన బరువెక్కినా పుల్ల మెత్తగా వంగుతుంది. ఇది మీ మామగారికి తెలిసే ఉంటుంది. అన్నీ తెలుసు కదా.

నువ్వు వేసేటప్పుడు ఎవర్నీ పక్కన నిలబడనివ్వకు. చూసేవాడుంటే చెయ్యి బిగుసుకుంటుంది.

గోటితో తడిమాడా? నా బాణాన్ని?

తాతయ్య


ఎల్మ్‌ఫోర్డ్
25 ఆగస్టు

తాతయ్యా,

కోపం వచ్చినట్టుంది. ఎందుకు? ఆయన మంచివాడే. వాగుతారు గాని మంచివాడు.

కొత్త బాణాలు వేశాను. మెరుగే. ఈకలు లేనిది ఇప్పుడు మూడు వేళ్ల ఎడమకి. నాలుగు కాదు, మూడు! ఇంకాస్త సర్దితే కుదిరిపోతుంది.

ఆదివారం చర్చి అయ్యాక మామయ్యగారు వాళ్ల విలుకాళ్ల సంఘానికి తీసుకెళ్లారు. పెద్దవాళ్లందరూ తల మీది టోపీలు తీసి, "క్లారెన్స్, నీ కోడలా? నీ ముక్కు రాలేదు, అదృష్టవంతురాలు!" అని ఏడిపించారు. అక్కడ నాకు సిగ్గేసి నీ బాణాలు తియ్యలేదు. ఎడమకి పోతే నవ్వుతారని. మామయ్యగారు తనవి మూడిచ్చారు. "ఊరికే ఉంచుకో అమ్మాయ్, పక్కన పడుంటాయి," అన్నారు. అవి తిన్నగా పోయాయి. నీ దగ్గర దాచడం ఎందుకని రాస్తున్నాను.

నువ్వు కోపం తెచ్చుకుంటే నేనిక్కడ అన్నం తినలేను, తెలుసు కదా.

ఐలి


రౌహలా
31 ఆగస్టు

ఐలీ,

కోపం లేదు.

నిన్న పని చేసుకోలేదు. ఎండుగడ్డి మీద వాన పడబోతున్నా లోపలే కూర్చున్నాను. తిన్నగా పోయాయి అని రాశావు. ఆ రెండు మాటలూ బుర్రలో తిరిగాయి. శనివారం ఆవిరిగదిలో కూడా అదే. రాళ్ల మీద నీళ్లు పోస్తుంటే ఆవిరిలోంచి ఎవరో "తిన్నగా పోయాయి, తిన్నగా పోయాయి" అంటున్నట్టుంది. లేచి బయటికొచ్చేశాను.

నా బాణాలు తియ్యడానికి నీకు సిగ్గేసింది. సరే. నీ చేత్తో మొదటి బాణం పట్టించినప్పుడు నీకు ఏడేళ్లు. పోయిన మీ అమ్మ కోటు వేసుకుని నిలబడ్డావు, చేతులు కనపడకుండా. అప్పుడు ఎవరి బాణం?

ఇది వదిలేసి పని మాట రాస్తాను. నీకు మొదట పంపినవాటంతే వంగే బాణాలు నా పాతవాటిలో ఒక జత ఉన్నాయి, ఒకదాని ఈకలు పీకేశాను. నా విల్లు మీద నీ లాగుడంతే, ఇరవై ఆరు అంగుళాలకి ముడి వేసి గుర్తు పెట్టుకుని వేశాను. తిన్నగా పోయింది. ఈకలున్నదీ లేనిదీ పక్కపక్కనే, మధ్యలో వేలు పట్టదు. కవల విల్లు మీద తిన్నగా పోయేది నీ విల్లు మీద నాలుగు వేళ్లు ఎడమకి ఎందుకు పోతుంది?

రెండు పనులు చెయ్యి. ఒకటి, బాణం ఎడమకి పోవడమే కాదు, ఎత్తు ఎలా ఉందో రాయి. గురి చూసిన చోటికి పైనా, కిందా. రెండు, ఎక్కువసార్లు వేసిన బాణం ఒకటి వెనక్కి పంపు. తుడవకు. కడగకు. మీ మామగారికి చూపించకు.

తాతయ్య


ఎల్మ్‌ఫోర్డ్
5 సెప్టెంబరు

తాతయ్యా,

బాణం పంపుతున్నాను. తుడవలేదు.

ఎత్తు అడిగావు. గురి చూసినదానికి జానెడు కిందికి దిగుతున్నాయి. పదిహేను అంగల నుంచే.

ఇవాళ సెలవు. ఇంటినిండా మార్విన్ స్నేహితులు, మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టాలి. ఎక్కువ రాయలేను. నిన్ను చూడాలని ఉంది.

ఐలి


రౌహలా
9 సెప్టెంబరు

ఐలీ,

బాణం వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని చూశాను. వెనక గాడిలో ఎర్రటి నూగు చిక్కుకుని ఉంది. నారి మధ్యన చుట్టే దారం నూగు.

నీ విల్లు నారికి నేను చుట్టింది నల్లదారం.

ముందు ఏమనుకున్నానంటే, మీ మామ నా నారి విప్పేసి తనది కట్టాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఒకడు కట్టిన నారిని ఇంకొకడు ముట్టుకోవడం మనవాళ్లలో ఎంత తప్పో నీకు తెలుసు. గొడ్డలి తీసి కట్టెలు కొట్టాను. చలికాలానికి సరిపడా అయ్యాయి.

తర్వాత ఆ జానెడు గుర్తొచ్చింది. నారి మారినంత మాత్రాన బాణం జానెడు దిగదు. విల్లులో బలం తక్కువైతే దిగుతుంది. విల్లులో బలం తక్కువైతేనే పుల్ల బిర్రుగానూ కనిపిస్తుంది. నెల్లాళ్లుగా పుల్లలు మెత్తబరుస్తున్నాను గాని, అసలు తప్పు పుల్లలది కాదు.

అది నా విల్లు కాదు. అవునా, ఐలీ?

నా విల్లు మూలన పెట్టావు. ఆయన విల్లు పట్టుకున్నావు. అది అందంగా ఉంటుందేమో. కొట్లో కొన్నదై ఉంటుంది, మెరుస్తుంటుంది. నాదాని మీద రంపం గీతలు కనిపిస్తాయి, ఆ సంఘంలో నవ్వుతారు. అంతేనా? ఆ మాట నాకు రాసి ఉంటే నేను ఇక్కడ కూర్చుని, లేని విల్లుకి బాణాలు చేసేవాణ్ణి కాదు. ఊళ్లో అందరికీ చెప్పాను, ఐలి కోసం అని.

"నీ విల్లు బాగుంది" అని రాశావు. ఆ ఉత్తరం ఇక్కడే ఉంది.

ఇల్మారి


ఎల్మ్‌ఫోర్డ్
13 సెప్టెంబరు

తాతయ్యా, నా తాతయ్యా,

నీ విల్లు మూలన పెట్టలేదు. విల్లు లేదు. నేనే పాడు చేశాను.

జులైలో మార్విన్ ఆట ఉంటే వెళ్లాం. ఆట తర్వాత ఇద్దరం గడ్డిమోపు మీద వేద్దామని విల్లు కారులో పెట్టాను. నారి ఎక్కించే ఉంది. దించమని నువ్వు వెయ్యిసార్లు చెప్పావు. అద్దాలు మూసి, ఎండలో, నాలుగు గంటలు. వచ్చి చూసేసరికి పై కొస పొరలు విడిపోయి, విల్లు ఒక పక్కకి మెలి తిరిగింది. కారు వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. మార్విన్, "జిగురు పెట్టి అతికిద్దాం" అన్నాడు. వాణ్ణి కొట్టాను.

ఇంటికెళ్లాక మామయ్యగారు చూశారు. ఆయన అతకబోలేదు. విల్లుని రెండు చేతుల మీదా పట్టుకుని, "ఎవరు చేశారు?" అన్నారు. చెప్పాను. "ఎన్నాళ్లు పట్టింది?" అన్నారు. రెండు శీతాకాలాలని చెప్పాను. ఆయన లోపలికెళ్లి గోడ మీదున్న విల్లు దించి తెచ్చారు. అది మా అత్తగారిది. ఆవిడ పోయి ఆరేళ్లు. దానికి ఎర్రదారం చుట్టింది ఆవిడేనట.

నీకు రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. ఈలోగా నీ బాణాలు వచ్చేశాయి. నువ్వు ముప్ఫై పుల్లల్లో ఆరు ఏరానని రాశావు. ఇంకెలా రాయను? ఎలాగో కుదురుతాయిలే అనుకున్నాను. ఎడమకి పోతుంటే నీకు చెప్పక తప్పలేదు, నిజం మాత్రం చెప్పలేకపోయాను. మామయ్యగారు మొదటి రోజునే, "మీ తాతకి విల్లు మాట రాయమ్మాయ్, పాపం ఆయన చీకట్లో చెక్కుతున్నాడు," అన్నారు. నేనే రాయలేదు. తప్పు ఆయనది కాదు.

నువ్వు తాతయ్య అని లేకుండా ఉత్తి పేరుతో సంతకం చేశావు. ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ఐలి


రౌహలా
22 సెప్టెంబరు

ఐలీ తల్లికి,

వారం రోజులు కలం పట్టలేదు. విల్లు పోయిన మాటకి ఏం రాయాలో తెలియలేదు. పోతే పోయింది అని రాద్దామనుకున్నాను. అలా అనిపించలేదు, అందుకని రాయలేదు. రెండు శీతాకాలాలు. అది అన్నాను, ఇక అనను.

చెప్పకుండా దాచావు చూడు, అది నొప్పెట్టింది. ఆయనకి తెలుసు, నాకు తెలియదు. నేను చీకట్లో చెక్కుతున్నానని ఆయనకి జాలి. మీ మామ జాలి నాకు అక్కర్లేదు.

మంగళవారం లెంపి కొట్టుకి వెళ్లాను. ఫోను అక్కడే ఉంది. నాకు ఫోనంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. నేను దాని దగ్గరికి నడిచేసరికి కొట్టులో నలుగురూ సామాన్లు కొనడం ఆపేశారు.

"ఎవరికి?" అంది లెంపి.

"మా ఐలి మామగారికి."

"అమ్మో! పోట్లాటకా?"

"కొలతలకి."

అవతల ఫోను మోగింది. "బోర్స్మా!" అని ఇంటిపేరు చెప్పింది ఒక గొంతు. గట్టి గొంతు. లెంపి వెనక నుంచి చీపురుకర్రతో పొడిచింది.

"ఇల్మారిని," అన్నాను.

"ఎవరూ?"

"ఐలి తాతని."

"ఓహో! తాతగారా! మీరు ఫోన్లో మాట్లాడరని చెప్పిందే అమ్మాయి?"

"మాట్లాడను."

"మరి ఇప్పుడు?"

"ఆ విల్లు ఎన్ని పౌన్లు?"

ఆయన గట్టిగా నవ్వాడు. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను, కొట్టంతా వినపడింది. "అమ్మాయి లాగుడికి ముప్ఫై ఆరు. కానీ తాతగారూ, ఒక మాట. బాణం వదిలేముందు అమ్మాయి చెయ్యి అర అంగుళం ముందుకి జారుతుంది. అది కూడా తీసేసుకోండి. ముప్ఫై అయిదనుకోండి."

"నేను నేర్పినప్పుడు జారేది కాదు," అన్నాను.

"ఇప్పుడు జారుతోంది మరి! పెళ్లయ్యాక ఎవరి చెయ్యి జారదు చెప్పండి?"

కొట్టులో నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. "ఉంటాను," అని పెట్టేశాను. డబ్బులిచ్చి వచ్చేశాను. మీ అత్తగారి విల్లు నీకు ఇచ్చినందుకు ఆయనతో ఏదో అనాలని వెళ్లేటప్పుడు అనుకున్నాను. అనలేదు. మీ అమ్మమ్మ కాఫీ కప్పు నేను ఎవరికీ ఇవ్వను. ఆయన విల్లే ఇచ్చాడు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

కానీ ఆ అర అంగుళం. అది నాకు తెలియాలి. నీ మోచెయ్యి ఎక్కడ లేస్తుందో, ఏ వేలు ముందు వదులుతుందో అన్నీ నాకే తెలుసనుకున్నాను. రోజూ పక్కన నిలబడేవాడికి తెలుస్తుంది. నేను ఇక్కడున్నాను. మూడు రోజులుగా ఆ అర అంగుళమే గుచ్చుకుంటోంది.

దీనితో కొత్తగా ఆరు పంపుతున్నాను, ఆరూ ఆ విల్లుకి చేసినవే. టమాటా మొక్కల దగ్గర్నుంచి కూడా రెండు పుల్లలు పీక్కొచ్చాను, అవి మెత్తనివి, అప్పుడు పనికిరాలేదు. అయిదింటికి రెండంచుల ములికులు బిగించాను. ఒక్కొక్కదాన్నీ మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పి చూశాను, ఊగడం లేదు. ఆకురాయి పెట్టాను, వేలు జాగ్రత్త. ఆరోదానికి మామూలు మొన, ఈకలు లేవు. దాని ములికి కూడా వాటి బరువే. దాన్నే ముందు వెయ్యి.

వేట మొదలయ్యాక ఏ బాణం నారి మీద పెట్టావో, ఏది తగిలిందో రాయి. ఉన్నదున్నట్టు రాయి. ఆయనదైనా సరే. ఈసారి నాకు తీపి మాటలొద్దు.

తాతయ్య


ఎల్మ్‌ఫోర్డ్
10 అక్టోబరు

తాతయ్యా,

ఈకలు లేనిది ముందు వేశాను. తర్వాత ఈకలున్నది. రెండూ రాసుకుంటూ దిగాయి. మామయ్యగారు పళ్లబిగువున చూశారు. మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ అంతే. "ఫోన్లో రెండు ముక్కలు విని ఇది చేశాడా? మా యంత్రం ఎందుకు ఇంక, పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తాను!" అన్నారు. రాత్రి భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడలేదు. మార్విన్ నా చెవిలో, "నాన్నకి కుళ్లు" అన్నాడు.

మొదటి తారీకు నుంచీ పాత ఆపిల్ తోట అంచున, పడిపోయిన చెట్టు వెనక కూర్చున్నాను. నారి మీద నీ బాణమే. రోజూ నీదే. పొదిలో నీవి నాలుగు, ఆయనవి మూడు. వాన. వారం రోజులూ ఆగి ఆగి వాన.

శనివారం పొద్దున నీ బాణాన్ని చూసుకుంటే ఈకలు తడిసి, తడిసిన కోడిపిల్లలా పుల్లకి అంటుకుపోయాయి. శుక్రవారం ఇంటి దగ్గర అలా తడిసినదాన్నే గడ్డిమోపు మీద వేసి చూశాను, గాల్లో తోక ఊపుకుంటూ పోయింది. మామయ్యగారి ఈకలకి ఏదో పూత ఉంది, నీటిబొట్టు వాటి మీద ముత్యంలా దొర్లిపోతుంది. నీ బాణం తీసి ఆయనది పెట్టాను. పెట్టాక ఒక గంట గడిచింది. తీసి మళ్లీ నీది పెడదామా అని రెండుసార్లు అనుకున్నాను. తడిసిన బాణంతో జింకకి గాయం చేసి పోగొట్టుకుంటే నువ్వే నన్ను తిడతావు.

చిన్న కొమ్ముల మగజింక వచ్చింది. పన్నెండు అంగలు. పక్కకి తిరిగి నిలబడింది. అరవై అడుగులు కూడా పరిగెత్తలేదు.

మామయ్యగారి బాణం, తాతయ్యా.

ఈ ఉత్తరం రాయబోతుంటే మార్విన్, "నీ బాణమే అని రాసెయ్, ముసలాయన సంతోషిస్తాడు," అన్నాడు. మామయ్యగారు కూడా, "నాకేం పోయింది? ఆయనదే అని రాయమ్మాయ్," అన్నారు. ఇద్దర్నీ అక్కడే వదిలేసి గదిలోకి వచ్చి రాస్తున్నాను.

మాంసం కొంత పొగబెట్టించి పంపుతున్నాను.

ఐలి


రౌహలా
15 అక్టోబరు

ఐలీ తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సగంలో ఆపి బావి దగ్గరికెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. ఆ పేరాలో ఏముంటుందో ముందే తెలిసిపోయింది, ఈకలు తడిసిన చోటే.

కుళ్లుకున్నాను. లేదని రాస్తే అబద్ధం. బాణం ఆయనదని రాసినచోట కొంచెం. నాదని రాయమని ఆయన అన్నాడు చూడు, అక్కడ ఎక్కువ. ఆయన ఇవ్వగలడు. చేతిలో ఉన్నది కాబట్టి.

నీది తప్పు కాదు. తడిసిన బాణం దించడమే సరి. నువ్వు దించకుండా జింకని కుంటిదాన్ని చేసి ఉంటే నీతో ఇంక మాట్లాడేవాణ్ణి కాదు. తప్పు నాది. ఇక్కడ వేటకి ఈకల మీద నూనెగుడ్డ సంచీ తొడుగుతాం, నీకు సంచీ పంపాలని తోచలేదు. అయినా సంచీ తీసి వేసేలోపు జింక ఆగదు, అదీ నిజమే. పుల్లలు కొలిచాను, మొనలు తిప్పాను, వాన సంగతి ఆలోచించలేదు.

పన్నెండు అంగలు. పక్కకి తిరిగే దాకా ఆగావు. బాగా చేశావు.

మాంసం వచ్చింది. బంగాళాదుంపలతో వండుకున్నాను. లెంపికి ఒక ముక్క ఇచ్చాను. "మీ బాణమేనా?" అని అడిగింది. "కాదు, మా వియ్యంకుడిది," అన్నాను. లెంపి ఏమీ అనకపోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఆ ఈకలకి ఆయన ఏం పూస్తాడో కనుక్కో. మైనమా, కొవ్వా, కొట్లో దొరికేదా. ఎప్పుడు పూస్తాడు, ఈక అంటించకముందా, తర్వాతా. నేనడిగానని చెప్పకు, నీకోసం అడిగినట్టు అడుగు.

ఇంతవరకూ రాసి లేచి, పొయ్యిలో కట్టె వేసి వచ్చాను. పై వాక్యం కొట్టేద్దామంటే కాగితం పాడవుతుంది. అది చదవకు. నేనే అడిగానని చెప్పు. ఇల్మారి అడిగాడని చెప్పు.

ఇక్కడ చినుకు మొదలైంది, నాకు ఇంకా మూడు వారాల వేట ఉంది. త్వరగా జవాబు రాయి.

తాతయ్య